చిన్న ఊరి మురుగునీటికి పూర్తి శుద్ధి: చివరి పైపు దగ్గర మొదలుపెట్టి వెనక్కి రండి

ఐదారు వందల మంది ఉండే ఊరికి మురుగునీటి శుద్ధి అనగానే ముందు వినిపించే మాట "ఏ టెక్నాలజీ పెడదాం?" అని. నన్నడిగితే అది చివర్లో అడగాల్సిన ప్రశ్న. శుద్ధి అయిన నీళ్లు ఎక్కడికి పోతాయి, ప్లాంటు తాళాలు ఎవరి చేతిలో ఉంటాయి, ఈ రెండూ తేలితే సగం టెక్నాలజీలు వాటంతట అవే పక్కకు తప్పుకుంటాయి. అవి తేలకుండా బ్రోచర్ చూసి మెషీన్ కొంటే, కొన్నాళ్లకు మిగిలేది తుప్పు పట్టిన బ్లోయర్ (మురుగులోకి గాలి ఊదే మెషీన్), దాని పక్కనుంచి బైపాస్ పైపులో ఎప్పట్లాగే పారే మురుగు.

అడ్వాన్స్‌డ్ ట్రీట్‌మెంట్ అంటే ఏమిటో ముందే చెప్పేస్తాను. మురుగును నిలబెట్టి మడ్డి దింపడం మొదటి మెట్టు. మిగిలిన సేంద్రియ మలినాన్ని బ్యాక్టీరియాతో తినిపించడం రెండోది. ఆ తర్వాత నత్రజని, భాస్వరం, రోగక్రిములు తీయడం మూడోది. అడ్వాన్స్‌డ్ అనేది ఈ మూడో మెట్టునే. దానికి ఖరీదైన యంత్రాలే కావాలని రూలేమీ లేదు, ఇసుక, కంకర, మొక్కలు, ఒక చిన్న పంపుతో కూడా చాలావరకు చేయొచ్చు.

1. నీళ్లు ఎక్కడికి పోతాయో తేల్చండి

ఊరి చుట్టూ ఒకసారి నడిచి రండి. నీరు చెరువులోకి పోతుందా, ఏడాది పొడవునా పారే వాగులోకా, పొలాలకా, భూమిలోకి ఇంకుతుందా? ఒక్కోదానికి లెక్క వేరు. చెరువైతే భాస్వరం గురించి బెంగ పెట్టుకోవాలి, ఎందుకంటే నాచు పెరిగేది ఎక్కువగా దాని మీదే. భూమిలోకి ఇంకి పక్కన తాగునీటి బావులుంటే నైట్రేట్ (నత్రజనికి ఒక రూపం) ముఖ్యం. తాగునీటిలో నైట్రేట్ లీటరుకు 50 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం. పొలాలకైతే నత్రజని, భాస్వరం రెండూ ఎరువే, వాటిని డబ్బు పోసి తీసేయడం అనవసరం, అక్కడ చూడాల్సింది క్రిములు, నులిపురుగుల గుడ్లు.

మీ ప్రాంతపు కాలుష్య నియంత్రణ అధికారులు ఏ పరిమితులు పెట్టారో కాగితం మీద రాయించుకోండి. నోటిమాట మీద డిజైన్ చేయొద్దు.

2. ఎంత వస్తోందో కొలవండి, ఊహించొద్దు

తలకు ఇన్ని లీటర్లు అని పుస్తకం లెక్క వేసుకోవచ్చు, నేనూ వేస్తాను. 500 మంది, మనిషికి రోజుకు 100 లీటర్ల మురుగు అనుకుంటే 50 ఘనమీటర్లు. మనిషి నుంచి రోజుకు సుమారు 50 గ్రాముల బీఓడీ (సేంద్రియ మలినాన్ని తినడానికి బ్యాక్టీరియాకు కావాల్సిన ఆక్సిజన్, అంటే మలినానికి కొలత), 10 గ్రాముల నత్రజని వస్తాయనుకుంటే ఊరు మొత్తానికి 25 కిలోల బీఓడీ, 5 కిలోల నత్రజని. నీళ్లు తక్కువ వాడే ఊళ్లలో మురుగు చిక్కగా ఉంటుందన్నది గుర్తుంచుకోండి, ఈ లెక్కలోనే బీఓడీ లీటరుకు 500 మిల్లీగ్రాములు వచ్చింది చూశారుగా.

ఇది సగం కథే. చిన్న ఊళ్లో అందరూ ఒకేసారి లేస్తారు, ఒకేసారి స్నానాలు చేస్తారు, కాబట్టి ఉదయం ఆ గంటా రెండు గంటలు సగటుకు మూడు నాలుగు రెట్లు ప్రవాహం ఉండొచ్చు. పైపుల కీళ్లలోంచి భూగర్భజలం కూడా లోపలికి వస్తుంది, వానాకాలంలో మరీను.

దాన్ని పట్టుకోవడానికి ఒక చిట్కా ఉంది. రాత్రి మూడు గంటలకు, ఊరంతా నిద్రలో ఉన్నప్పుడు, చివరి పైపు దగ్గరికి ఒక టార్చి, 20 లీటర్ల బకెట్, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పట్టుకుని వెళ్లండి. ఆ వేళప్పుడు వచ్చేదాంట్లో ఎక్కువ భాగం ఎవరూ వాడి వదిలిన నీరు కాదు, ఊట నీరు. బకెట్ 80 సెకన్లలో నిండిందంటే రోజుకు 21,600 లీటర్లు, అంటే మన 50 ఘనమీటర్ల మురుగుకు తోడు ఇంకో 40 శాతం పైన శుభ్రమైన నీటిని మీరు పనిగట్టుకుని శుద్ధి చేయబోతున్నారన్నమాట. అలాంటప్పుడు ముందు పైపులు బాగుచేయండి, ప్లాంటు సైజు తర్వాత.

కనీసం వారం రోజులు కొలవండి, అందులో పండగో సెలవో ఒకటి ఉంటే ఇంకా మంచిది.

3. తేర్చే ట్యాంకు

ఇక్కడ తెలివితేటలు చూపించాల్సిన పనిలేదు. ముందొక జాలీ, తర్వాత రెండు మూడు గదుల సెప్టిక్ ట్యాంకు. మురుగు కనీసం ఒక రోజు నిలవాలి కాబట్టి 50 ఘనమీటర్లు, మనిషికి ఏడాదికి 40 లీటర్ల చొప్పున రెండేళ్ల మడ్డికి ఇంకో 40, వెరసి 90 ఘనమీటర్లు. ఇది సరిగ్గా పనిచేస్తే బీఓడీలో మూడో వంతు నుంచి సగం దాకా ఇక్కడే పోతుంది, అదీ పైసా కరెంటు లేకుండా. బయటికి వెళ్లే చోట ఒక ఫిల్టర్ బుట్ట పెట్టండి, తర్వాతి దశలన్నీ మీకు రుణపడి ఉంటాయి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఏ కారణం చేతా, ఎంత చిన్న పనైనా, ట్యాంకులోకి గానీ మ్యాన్‌హోల్‌లోకి గానీ మనిషి దిగకూడదు. అందులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ మొదట కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది, మోతాదు పెరిగేసరికి ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు, "వాసన పోయింది, దిగొచ్చు" అనుకున్నవాడు అక్కడే పడిపోతాడు, వాణ్ణి లాగడానికి దిగిన రెండోవాడూ అంతే. మూతలు, ఫిల్టర్లు, పంపులు అన్నీ పైనుంచే తీసి పెట్టేలా డిజైన్‌లోనే చూసుకోండి.

4. అసలు పని: అమ్మోనియా, ఆపైన నైట్రేట్

ఎక్కువ ప్లాంట్లు తడబడేది ఇక్కడే, అందుకే కొంచెం ఓపిగ్గా చదవండి.

ట్యాంకు దాటిన నీటిలో నత్రజని ఎక్కువగా అమ్మోనియా రూపంలో ఉంటుంది. మన ఊరి లెక్కలో లీటరుకు 80 మిల్లీగ్రాములు అనుకుందాం. గాలి అందిన చోట ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. గాలి లేని చోట, తినడానికి సేంద్రియ పదార్థం ఉంటే, ఇంకో రకం బ్యాక్టీరియా ఆ నైట్రేట్‌ను నత్రజని వాయువుగా మార్చి గాల్లోకి వదిలేస్తుంది. ఒకటి గాలి కావాలంటుంది, ఇంకోటి వద్దంటుంది. ఈ ఇద్దరినీ ఒకే ప్లాంటులో కాపురం పెట్టించడమే మన పని.

మొదటి సగం చేసి ఆగిపోతే ఏమవుతుందో చూడండి. గ్లాసులో నీరు తేటగా ఉంటుంది, వాసన ఉండదు, బీఓడీ రిపోర్టు బ్రహ్మాండంగా వస్తుంది. కానీ ఆ 80 మిల్లీగ్రాముల నత్రజని మొత్తం నైట్రేట్ అయితే లీటరుకు 354 మిల్లీగ్రాములు, తాగునీటి పరిమితికి ఏడు రెట్లు. అది పక్క బావిలోకి ఇంకితే పసిపిల్లల రక్తంలో ఆక్సిజన్ మోసే శక్తి దెబ్బతినే ప్రమాదం ఉంది. తేటగా ఉంది కదా అని సంతోషపడకూడదు అనేది ఇందుకే.

మరి రెండో సగం ఎలా? చవకైన మార్గం, శుద్ధి అయిన నీటిలో కొంత భాగాన్ని పంపుతో వెనక్కి, సెప్టిక్ ట్యాంకు మొదటి గదిలోకి పంపడం. అక్కడ గాలి లేదు, తిండికి కొదవ లేదు, నైట్రేట్ అక్కడ వాయువై పోతుంది. లెక్క చాలా సులువు: బయటికి వదిలే ప్రతి ఒక వంతుకు ఒక వంతు వెనక్కి పంపితే గరిష్ఠంగా సగం నైట్రేట్ పోతుంది, మూడు వంతులు పంపితే ముప్పావు. అంతకంటే పెంచితే లాభం తగ్గుతూ వస్తుంది, పైగా వెనక్కి వెళ్లే నీటితో ఆక్సిజన్ కూడా వెళ్లి ఆ గదిని చెడగొడుతుంది.

ఇప్పుడు పైన మూడో భాగానికి వెనక్కి వెళ్లి ట్యాంకు సైజు మళ్లీ చూసుకోవాలి. 50 వచ్చే చోట ఇంకో 50 తిరిగొస్తే ఒక రోజు నిల్వ కాస్తా సగం రోజైపోతుంది. మేం ఒకచోట ఈ సంగతి ముందు చూసుకోలేదు. పంపు ఆన్ చేసిన నాలుగో రోజుకి మడ్డంతా లేచి తర్వాతి దశలోని కంకర మడి మీదికొచ్చింది. ట్యాంకు పెంచండి, లేదా వెనక్కి వచ్చే నీటికి విడిగా ఒక గది కట్టండి.

చాలామంది పట్టించుకోని ఇంకో విషయం ఆల్కలినిటీ, అంటే నీటి క్షారత. ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నత్రజని నైట్రేట్‌గా మారడానికి కాల్షియం కార్బోనేట్ లెక్కలో 7.14 మిల్లీగ్రాముల క్షారత ఖర్చవుతుంది. 80 మిల్లీగ్రాములకు 571. నైట్రేట్ వాయువుగా మారేటప్పుడు అందులో సగం, మిల్లీగ్రాముకు 3.57 చొప్పున, తిరిగొస్తుంది. అంటే సగం నైట్రేట్ తీయగలిగితే 143 వెనక్కి వచ్చినట్టు, నికరంగా 428 కావాలి, చివర్లో ఓ 70 నుంచి 100 మిగలాలి కూడా. సెప్టిక్ ట్యాంకు దాటాక కొలిచి చూడండి (బోరు నీటిలో కాదు, ట్యాంకులో క్షారత పెరుగుతుంది). 500 పైన ఉంటే బేఫికర్. 300 ఉంటే పీహెచ్ పడిపోయి, బ్యాక్టీరియా మొరాయించి, అమ్మోనియా సగంలో ఆగిపోతుంది. అప్పుడు ఆపరేటర్ గాలి చాలలేదేమోనని బ్లోయర్ ఇంకా పెంచుతాడు, కరెంటు బిల్లు తప్ప ఏదీ మారదు. ఇలాంటప్పుడు కావాల్సింది గాలి కాదు, సున్నమో తినే సోడానో, లేదా వెనక్కి పంపే నీటిని పెంచడమో.

గాలి లెక్క కూడా ఒకసారి చూడండి. కిలో అమ్మోనియా నత్రజనికి 4.57 కిలోల ఆక్సిజన్ కావాలి. మన 4 కిలోలకు (50 ఘనమీటర్లలో లీటరుకు 80 మిల్లీగ్రాముల లెక్కన) 18 కిలోల పైన. సెప్టిక్ ట్యాంకు దాటాక మిగిలిన 15 కిలోల బీఓడీకి కావాల్సింది కూడా అటూఇటూగా అంతే. బీఓడీకి మాత్రమే సరిపోయే బ్లోయర్‌ను "ఇది అమ్మోనియా కూడా తీస్తుంది సార్" అని అంటగట్టేవాళ్ల దగ్గర ఈ రెండు అంకెలు పనికొస్తాయి.

5. మడా, బ్లోయరా?

ఇప్పుడు అడగండి ఏ టెక్నాలజీ అని.

స్థలం ఉంటే నా ఓటు కంకర మడికే. పైనుంచి కిందికి నీరు దిగే మడి అమ్మోనియాను నైట్రేట్ చేస్తుంది, ఎందుకంటే నీరు విడతలు విడతలుగా పోసి మధ్యలో ఆరనిస్తాం కాబట్టి రంధ్రాల్లోకి గాలి వెళ్తుంది. వెచ్చని ప్రాంతాల్లో మనిషికి ఒకటిన్నర, రెండు చదరపు మీటర్లు, చలి ప్రాంతాల్లో మూడు నాలుగు. మన ఊరికి వెయ్యి చదరపు మీటర్లు అనుకోండి. కింద నీరు ఇంకకుండా షీటు, దానిమీద 20 సెంటీమీటర్ల కంకర, అందులో నీరు తీసుకెళ్లే చిల్లుల పైపులు, ఆపైన కనీసం అర మీటరు ముతక ఇసుక, పైన పల్చగా చిన్న కంకర. జమ్ము, కిక్కిస, మెట్టతామర ఏవి దొరికితే అవి నాటండి. నత్రజనిని తినేది మొక్కలే అని చాలామంది అనుకుంటారు గానీ పనిలో పెద్ద వాటా ఇసుకనంటుకున్న బ్యాక్టీరియాది, వేళ్లు ప్రధానంగా మడి బిగుసుకుపోకుండా కాపాడతాయి. రెండు మూడు మడులుగా విడగొట్టి వంతులవారీగా వాడండి, ఒకటి పనిచేస్తుంటే ఇంకోటి సేదతీరాలి.

ఇసుక దగ్గర మాత్రం రాజీపడొద్దు. లారీ దిగగానే ఒక సీసాలో సగం ఇసుక, సగం నీరు పోసి గట్టిగా ఊపి కింద పెట్టండి. ఒకట్రెండు నిమిషాల్లో నీరు తేటపడితే మంచి ఇసుక. పది నిమిషాలైనా టీ రంగులోనే ఉండి, ఇసుక మీద వేలు మందం మెత్తటి మట్టి పొర కూర్చుందంటే లారీ వెనక్కి పంపేయండి, లేదా కడిగించండి. కడగని ఇసుక పోసిన మడి కొన్ని నెలలకే పైన చెరువులా నిలబడుతుంది, అప్పుడు వెయ్యి చదరపు మీటర్ల ఇసుక తవ్వి పోయడం ఎవరి వల్లా కాదు. ఇది చదివి నేర్చుకున్నది కాదు, అనుభవం మీద చెబుతున్నా.

నీటిని రోజుకు నాలుగు నుంచి ఎనిమిది విడతల్లో, ఒక్కసారిగా మడి అంతా తడిసేలా వదలాలి. ఊరు వాలులో ఉంటే కరెంటు లేకుండా సైఫన్ డబ్బాతోనే (నిండగానే దానంతటదే ఒక్కసారిగా ఖాళీ అయ్యే డబ్బా) ఇది జరుగుతుంది.

స్థలం లేకపోతే ఎస్‌బీఆర్ (సీక్వెన్సింగ్ బ్యాచ్ రియాక్టర్). ఒకే ట్యాంకులో నింపడం, గాలి ఊదడం, తేరనివ్వడం, పైనీరు తీయడం, ఆరు గంటలకో చుట్టు. 1914లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు రసాయనశాస్త్రవేత్తలు యాక్టివేటెడ్ స్లడ్జ్ పద్ధతిని ప్రకటించినప్పుడు చేసింది దాదాపు ఇదే. మురుగులోకి గాలి ఊది, తేరిన బురదను పారబోయకుండా ఉంచి, దాని మీదే కొత్త మురుగు పోస్తూ పోయారు, వారాలు పట్టే పని గంటల్లోకి దిగింది. గాలి ఆపి ఉంచే సమయం చుట్టులో కలిపితే నైట్రేట్ కూడా అదే ట్యాంకులో పోతుంది. కానీ దీనికి రోజూ చూసే మనిషి, నమ్మకమైన కరెంటు, స్టోర్‌లో ఒక స్పేర్ బ్లోయర్, కంట్రోల్ ప్యానెల్ బాగుచేయగలవాడు గంట రెండు గంటల దూరంలో ఉండాలి. వీటిలో ఏది లేకపోయినా వద్దు.

పొరల ఫిల్టర్ ఉండే ఎంబీఆర్ (మెంబ్రేన్ బయోరియాక్టర్) అద్భుతమైన నీరిస్తుంది, నిజమే. పొరలను కెమికల్స్‌తో కడుగుతూ ఉండాలి, ముందు మిల్లీమీటర్ల సందులుండే సన్న జాలీ కావాలి, వెంట్రుకలు చుట్టుకుంటే అంతే సంగతులు. ఏళ్ల తరబడి నిర్వహణ కాంట్రాక్టు చేతిలో లేకుండా చిన్న ఊరు దాని జోలికి పోవద్దు.

6. భాస్వరం

చెరువులోకో సరస్సులోకో వదిలేవాళ్లకే ఇది. మనిషికి రోజుకు ఒకటిన్నర గ్రాములనుకుంటే ఊరికి 750 గ్రాములు. ఫెర్రిక్ క్లోరైడ్ గానీ పటిక గానీ కలిపితే గడ్డకట్టి దిగిపోతుంది. ఇనుము లెక్కలో రోజుకు సుమారు రెండు కిలోలు పడుతుంది. బురద పెరుగుతుంది, క్షారత తగ్గుతుంది (నాలుగో భాగం గుర్తుందిగా). కలిపే చోటు మడి ముందు కాదు, మడి తర్వాత చిన్న తేర్చే ట్యాంకులో, లేకపోతే ఆ గడ్డలతో ఇసుక పూడిపోతుంది.

7. క్రిములు

యూవీ (అతినీలలోహిత కిరణాల) దీపం చిన్న ఊరికి బాగా నప్పుతుంది, నిల్వ చేసుకోవాల్సిన కెమికల్ ఉండదు. కాకపోతే వెలుగు నీళ్లలోకి దూరాలి. రేణువులు లీటరుకు 10 మిల్లీగ్రాముల లోపు ఉంటేనే పెట్టండి, దీపం చుట్టూ ఉండే గాజు గొట్టం మీద పేరుకునే తెల్లటి పొరను నెలకోసారైనా తుడవండి. దీపం వెలుగుతోంది కాబట్టి పనిచేస్తోంది అనుకోవడం పెద్ద పొరపాటు, దాని బలం వెలిగే గంటలు పెరిగేకొద్దీ తగ్గుతుంది, కంపెనీ చెప్పిన గంటలు నిండగానే మార్చేయాలి.

క్లోరిన్ వేద్దామంటే ముందు అమ్మోనియా సంగతి తేలాలి. ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నత్రజని దాదాపు ఏడున్నర మిల్లీగ్రాముల క్లోరిన్‌ను మింగేస్తుంది, ఆ తర్వాతే స్వేచ్ఛా క్లోరిన్ (దేనితోనూ కలవకుండా క్రిములను చంపడానికి మిగిలే క్లోరిన్) మిగులుతుంది. "ఎంత పోసినా నిలవట్లేదు" అని ఎవరైనా అంటే లోపం క్లోరిన్‌లో కాదు, వెనక మడిలో ఉంది.

పొలాలకైతే ఇంకో సంగతి. నులిపురుగుల గుడ్లు క్లోరిన్‌కు లొంగవు, వాటిని ఇసుకతో వడకట్టాలి లేదా కుంటలో రోజుల తరబడి నిలబెట్టి దింపాలి. సాగునీటిలో లీటరుకు ఒక గుడ్డు మించకూడదనేది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే అంకె.

8. మొదలుపెట్టిన కొత్తలో

మొదటి నెలలో రిపోర్టులు చూసి టెన్షన్ పడొద్దు. బీఓడీ తినే బ్యాక్టీరియా రోజుల్లో పెరుగుతుంది, అమ్మోనియాను తినేది మాత్రం నెమ్మది, నెల నుంచి రెండు నెలలు పట్టొచ్చు, నీరు 10 డిగ్రీల కంటే చల్లగా ఉంటే ఇంకా ఎక్కువ. అందుకే వెచ్చని కాలంలో ప్రారంభించండి. ఎస్‌బీఆర్ అయితే బాగా నడుస్తున్న ఇంకో ప్లాంటు నుంచి ఒక ట్యాంకర్ బురద తెచ్చి పోయండి, పాలు తోడేసినట్టు.

9. రోజూ చూడాల్సినవి

ల్యాబ్ రిపోర్టు నెలకోసారి వస్తుంది, అప్పటిదాకా కళ్లే ల్యాబ్. జాలీ దగ్గర చెత్త తీయడం, పంపు గంటల మీటరు రాసుకోవడం, మడి మీద నీరు నిలుస్తోందేమో చూడటం, అమ్మోనియా, నైట్రేట్ చూపించే రంగు మారే కాగితం పట్టీలతో వారానికోసారి పరీక్ష. అమ్మోనియా ఎక్కువ, నైట్రేట్ తక్కువ ఉంటే గాలి గానీ క్షారత గానీ చాలట్లేదు. అమ్మోనియా తక్కువ, నైట్రేట్ ఎక్కువ ఉంటే వెనక్కి పంపే పంపు ఆగిందేమో చూడండి. రెండూ తక్కువైతే ఇంటికెళ్లి పడుకోవచ్చు.

ఎస్‌బీఆర్ ఉన్నవాళ్లకు లీటరు జాడీ పరీక్ష. గాలి ఊదుతున్నప్పుడు ట్యాంకు నీరు జాడీలో నింపి కదపకుండా అరగంట వదిలేయండి. గోధుమ రంగు బురద 200, 300 మిల్లీలీటర్ల గీత దగ్గర సర్దుకుని పైన తేటనీరు నిలిస్తే అంతా బాగున్నట్టు. 700 దగ్గరే ఆగిపోతే బురద ఎక్కువైంది, లేదా దారాల్లాంటి బ్యాక్టీరియా పెరిగింది. ఆ జాడీని అక్కడే ఇంకో గంటా రెండు గంటలు ఉంచితే ఒక తమాషా కనిపిస్తుంది. అడుగున ఉన్న బురద ముక్కలు ముక్కలుగా పైకి తేలుతుంది, పుల్లతో కదిపితే సన్నటి బుడగలు వదిలి మళ్లీ దిగుతుంది. కొత్త ఆపరేటర్లు దాన్ని చూసి హడలిపోతారు. ఆ బుడగలు నత్రజని వాయువు, అంటే మీ ప్లాంటులో నైట్రేట్ తయారవుతోందని, దాన్ని తినేవాళ్లూ ఉన్నారని అర్థం. అదే సంగతి అసలు ట్యాంకులో తేర్చే సమయంలో జరిగితే మాత్రం బురద బయటికి పోతుంది, గాలి ఆపే విరామం పెంచండి.

కరెంటు పోతే కొన్ని గంటలు బ్యాక్టీరియా తట్టుకుంటుంది. పంపు గుంతకు మాత్రం కనీసం సగం రోజు మురుగు పట్టే చోటు ఉండాలి, లేకపోతే మొదట మునిగేది అందరికంటే పల్లంలో ఉన్న ఇల్లు.

10. బురద

డిజైన్ చేసేటప్పుడు అందరూ మర్చిపోయేది, నడిపేటప్పుడు ఎవరూ మర్చిపోలేనిది ఇదే. ఆరు నెలలకోసారి ఒక పొడవాటి కర్రకు కింది భాగంలో పాత తెల్ల తువ్వాలు గట్టిగా చుట్టి, ట్యాంకు అడుగు దాకా దించి, కొన్ని నిమిషాలాగి నెమ్మదిగా పైకి లాగండి. తువ్వాలు మీద నల్లగా అంటిన ఎత్తే మడ్డి ఎత్తు. నీటి లోతులో మూడో వంతుకు చేరిందంటే తీయించే వేళైంది. మొత్తం ఊడ్చేయొద్దు, కొంచెం వదిలేస్తే బ్యాక్టీరియా మళ్లీ త్వరగా కోలుకుంటుంది.

తీసిన బురదను ఇసుక పరిచిన ఆరబెట్టే మడుల్లో పోయండి, కారిన నీరు తిరిగి ప్లాంటు మొదటికే రావాలి. ఎండిందని వెంటనే పొలానికి తోలొద్దు, అందులో నులిపురుగుల గుడ్లు నెలల తరబడి బతికే ఉంటాయి. వెచ్చని చోట కనీసం ఏడాది, చలి చోట రెండేళ్లు వాన తడవకుండా కుప్పవేసి ఉంచాలి, ఆ కుప్ప మీద కొత్త బురద పోయకూడదు. అందుకే మొదటి రోజు స్థలం కొలిచేటప్పుడే రెండు కుప్పలకు చోటు వదలండి, ఒకటి నిండుతున్నది, ఒకటి మాగుతున్నది.